మైదానం అంచున నిలబడే చదువు

సంక్రాంతికో, ఊరి జాతరకో మా మక్తల్ చుట్టుపక్కల కబడ్డీ పోటీలు పెడితే చీకటి పడ్డాక కూడా లైట్లు కట్టి ఆడిస్తారు. రెయిడర్ చీలమండ పట్టుకు దొరికి కింద పడతాడు, మీద నలుగురు పడతారు, మోకాలు మెలిక తిరుగుతుంది. చుట్టూ ఉన్న జనమంతా కోర్టులోకి వచ్చేస్తారు. ఒకరు నీళ్లు చల్లుతారు, ఒకరు స్ప్రే డబ్బా కోసం ఉరుకుతారు, ఒక పెద్దమనిషి కాలు పట్టుకుని "ఏం గాదు, గట్టిగ గుంజితే సక్కగైతది" అంటాడు. అక్కడ నేనుంటే ముందుగా చెప్పే మాట ఒకటే: "కాలు ఎవరూ గుంజొద్దు. పిల్లగాన్ని లేపొద్దు. నేను చూస్తా."

ఆ మాట అనడానికి ధైర్యం ఒక్కటే చాలదు. ఎందుకు గుంజొద్దో తెలియాలి. చూసి ఏం తేల్చాలో తెలియాలి. తేలిన సంగతిని ఆటగాడికీ, వాళ్ల నాయనకూ, కోచ్‌కూ ఒప్పించేలా చెప్పగలగాలి. ఇవన్నీ నేర్పే చదువు విశ్వవిద్యాలయాల్లో ఉంది. మా వైపు ఇంటర్ పిల్లలకు దాని ఊసు పెద్దగా అందలేదు. దాని గురించి వివరంగా చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

నేను మక్తల్ దగ్గరి పల్లెలో పుట్టాను. మా నాయన పత్తి, కంది వేస్తాడు. బడిలో ఖోఖో ఆడేదాన్ని, స్కూల్ గేమ్స్‌లో మండలం దాటి జిల్లా పోటీల దాకా పోయాను. ఇంటర్‌లో బైపీసీ తీసుకున్నప్పుడు ఇంట్లో అందరికీ తెలిసిన దారులు రెండే: డాక్టర్, నర్సు. సీనియర్ అక్క ఒకరు ఫిజియోథెరపీ చదువుతున్నారని తెలిసి ఆమెను అడిగితే ఈ మూడో దారి కనబడింది. హైదరాబాద్‌లో ఫిజియోథెరపీ డిగ్రీ బీపీటీ చేశాను, తర్వాత క్రీడల విభాగంలో మాస్టర్స్ ఎంపీటీ చేశాను. ఇప్పుడు అక్కడే ఆటగాళ్లకు చికిత్స చేస్తున్నాను. సెలవు దొరికితే కాచిగూడ నుంచి రాయచూరు పోయే రైలెక్కి మక్తల్‌లో దిగుతాను. కృష్ణా స్టేషన్ దాకా లైను పూర్తయి 2023 అక్టోబర్ 1న ఆ రైలు మొదలయ్యాక రాకపోకలు సులువయ్యాయి. నేను వచ్చిన సంగతి తెలిస్తే బడి పిల్లలు మోకాళ్లూ మడమలూ చూపించుకోవడానికి ఇంటికే వస్తారు.

ఆటగాడి చుట్టూ ఉండేవారు

ఒక ఆటగాడి వెనుక పనిచేసేవారిని మన దగ్గర ఒకే గాటన కడతారు. నిజానికి ఎవరి పని వారిదే. కోచ్ ఆట నేర్పుతారు. స్ట్రెంత్ అండ్ కండిషనింగ్ నిపుణులు బలం, వేగం, దమ్ము పెంచుతారు. స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్ జబ్బును, గాయాన్ని నిర్ధారించి మందులు రాస్తారు, అవసరమైతే ఆర్థోపెడిక్ సర్జన్ దగ్గరికి పంపుతారు. స్పోర్ట్స్ ఫిజియో గాయాన్ని పరీక్షించి, కదలిక, బలం తిరిగి తెప్పించి, ఆటగాణ్ని మళ్లీ కోర్టులో నిలబెడతారు. మసాజ్ చేసేవారు, పోషకాహార నిపుణులు, మానసిక నిపుణులు వీరికి తోడుగా ఉంటారు.

అమెరికాలో వీటిలో కొన్ని పనులను కలిపి అథ్లెటిక్ ట్రైనింగ్ అనే ప్రత్యేక వృత్తిగా తీర్చిదిద్దారు. గాయం కాకుండా చూడటం, మైదానంలోనే ప్రథమ చికిత్స, పరీక్ష, కోలుకునే దాకా వ్యాయామ చికిత్స, ప్రాణం మీదికి వస్తే తక్షణ స్పందన, ఇవన్నీ అథ్లెటిక్ ట్రైనర్ బాధ్యతలు. వాళ్ల జాతీయ సంఘం 1950లో కాన్సస్ సిటీలో పుట్టింది. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దీన్ని ఆరోగ్య వృత్తిగా గుర్తించింది 1990లో. ఒకప్పుడు డిగ్రీతో సరిపోయేది. ఇప్పుడు మాస్టర్స్ స్థాయి చదువు కావాలి. గుర్తింపు పొందిన కోర్సు పూర్తిచేసినవారే బోర్డ్ ఆఫ్ సర్టిఫికేషన్ పరీక్షకు అర్హులు. 4 గంటల్లో 175 ప్రశ్నలు ఉంటాయి. పాసయ్యాక కూడా చదువు ఆగదు. రెండేళ్లకోసారి కొత్తగా నేర్చుకున్నట్టు రుజువు చూపి సర్టిఫికెట్ నిలుపుకోవాలి.

ఆ చదువు విలువ 2023 జనవరి 2న ప్రపంచమంతా చూసింది. సిన్సినాటిలో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతుండగా బఫెలో బిల్స్ ఆటగాడు డమార్ హామ్లిన్ గుండె ఆగి కుప్పకూలాడు. జట్టు సహాయ అథ్లెటిక్ ట్రైనర్ డెన్నీ కెల్లింగ్టన్ మైదానంలోనే ఛాతీ నొక్కి సీపీఆర్ మొదలుపెట్టాడు. హామ్లిన్ బతికాడు, అదే ఏడాది అక్టోబర్‌లో మళ్లీ లీగ్ మ్యాచ్ ఆడాడు.

మన దేశంలో అథ్లెటిక్ ట్రైనింగ్ పేరుతో విడిగా వృత్తి గుర్తింపు లేదు. దానికి అతి దగ్గరి దారి ఫిజియోథెరపీ డిగ్రీ, ఆపైన క్రీడల విభాగంలో మాస్టర్స్. నేను నడిచింది ఆ దారే.

తరగతి గదిలో ఏం చెబుతారు

మొదటి ఏడాది అంతా శరీరం మీదే. అనాటమీ హాలులో పార్థివ దేహం ముందు నిలబడి ఒక్కో కండరం ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటుందో, దానికి ఏ నరం వెళ్తుందో నేర్చుకుంటాం. ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ తోడవుతాయి. మా క్లాసులో ఇంగ్లిష్ మీడియం పిల్లలు పాఠం ఒకసారి చదివితే నేను రెండుమూడు సార్లు చదివేదాన్ని. మొదటి ఏడాది గడిచాక ఆ తేడా పోయింది. తెలుగు మీడియం నుంచి వచ్చామని ఈ చదువుకు జంకే పిల్లలకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

తర్వాత బయోమెకానిక్స్, వ్యాయామ చికిత్స, విద్యుత్ పరికరాలతో చికిత్స, వ్యాధుల శాస్త్రం వస్తాయి. కీలు ఎన్ని డిగ్రీలు వంగుతుందో గోనియోమీటర్‌తో కొలవడం, కండర బలాన్ని 0 నుంచి 5 దాకా చేతితో పరీక్షించి అంచనా కట్టడం అప్పుడే చేతికి అలవాటవుతాయి. చివరి సంవత్సరాల్లో ఎముకలు, నరాలు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులు, ఆస్పత్రి వార్డులు.

ఆటగాళ్లకు చికిత్స చేయాలని వచ్చిన నాకు పక్షవాతం వార్డులో నెలల తరబడి పని ఎందుకని మొదట అనిపించింది. మంచం మీది పెద్దాయన చేత మళ్లీ ఒక అడుగు వేయించడానికి ఏ కండరాన్ని ముందు మేల్కొలపాలో, బరువు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి ఎలా మార్పించాలో అక్కడే నేర్చుకున్నాను. ఆపరేషన్ అయిన వాలీబాల్ అమ్మాయిని మళ్లీ దూకించేటప్పుడు ఆ పాఠమే పనికొస్తోంది.

ఎంపీటీ రెండేళ్లు. అందులో క్రీడా గాయాలు, మైదానంలో అత్యవసర చికిత్స, ఫిట్‌నెస్ పరీక్షలు, ఒక్కో ఆటలో శరీరం మీద పడే భారం, డోపింగ్ నిబంధనలు ఉంటాయి, సొంతంగా చేసే పరిశోధన కూడా ఉంటుంది. డోపింగ్ పాఠాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. నిషేధిత పదార్థాల జాబితాను ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా ఏటా సవరించి జనవరి 1 నుంచి అమలు చేస్తుంది. జిమ్ పక్కన దుకాణంలో డబ్బాలో అమ్మే పొడిలో ఏముందో తెలియక తిన్నా, శిక్ష ఆటగాడికే పడుతుంది.

మైదానంలో ఆ చదువు ఎలా పనిచేస్తుంది

కబడ్డీలో చీలమండ బెణికిన పిల్లవాడిని తీసుకుందాం. మా వైపు సున్నం, బెల్లం కలిపి పట్టు వేసి పడుకోబెడతారు. ఎముక విరిగిందా లేదా అన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది. దాన్ని తేల్చడానికి 1992లో కెనడాలోని ఒట్టావా వైద్యులు కొన్ని నియమాలు రూపొందించారు. చీలమండకు రెండు వైపులా ఉబ్బెత్తుగా ఉండే ఎముక వెనుక అంచును, దాని కొన నుంచి పైకి 6 సెంటీమీటర్ల మేర నొక్కి చూస్తాం. పాదం బయటి అంచున చిటికెన వేలి వైపు పొడుగాటి ఎముక మొదట్లో, లోపలి వైపు పాదం వంపు పైన ఉండే చిన్న ఎముక మీద నొక్కుతాం. దెబ్బ తగిలిన వెంటనే గానీ, ఇప్పుడు గానీ నాలుగు అడుగులు వేయగలుగుతున్నాడా అని చూస్తాం. ఎముక మీద నొప్పి ఉన్నా, నాలుగు అడుగులు పడకపోయినా ఎక్స్‌రే కావాలి. ఇవేవీ లేకపోతే ఎముక విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది, చేతివేళ్లకు శిక్షణ ఉంటే చాలు.

మోకాలి సంగతి వేరు. "మోకాల్ల టక్కుమన్నది అక్కా, కాలు నిలుస్తలేదు" అని పిల్ల చెప్పి, కొన్ని గంటల్లోనే మోకాలు ఉబ్బితే కీలు లోపల ఉండే ముందు లిగమెంటు (ఏసీఎల్) తెగిందని అనుమానిస్తాం. మోకాలిని 20 నుంచి 30 డిగ్రీలు వంచి, తొడను ఒక చేత్తో పట్టుకుని, పిక్కను ఇంకో చేత్తో ముందుకు జరిపితే, లిగమెంటు తెగి ఉంటే అది అడ్డు తగలకుండా జారిపోతుంది. దీన్ని లాక్‌మన్ పరీక్ష అంటారు. ఇదే మోకాలిని జాతరలో ఎవరో గట్టిగా గుంజితే లోపలి మృదులాస్థి కూడా నలిగిపోవచ్చు.

తలకు దెబ్బ తగిలి పిల్ల కాసేపు అయోమయంగా చూసినా, స్కోరు ఎంతో మర్చిపోయినా ఆ రోజు ఆట అక్కడితో ఆపాలి. స్పృహ తప్పలేదు కదా అని తిరిగి దింపడం ప్రమాదం. తర్వాత మెట్లు మెట్లుగా, ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు ఇచ్చి, మళ్లీ ఆటలోకి తెస్తారు.

మా పాలమూరు (మహబూబ్‌నగర్) ఎండల్లో పనిచేసేవారికి అన్నిటికన్నా అవసరమైన పాఠం వడదెబ్బ. మే నెలలో వేసవి శిక్షణ శిబిరాలు పెడతారు, ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పరుగెత్తుతున్న పిల్ల తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే ఒంటి లోపలి వేడి కూడా 40 డిగ్రీలు దాటి ఉండొచ్చు. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు, పరుగులో వచ్చే వడదెబ్బలో చెమట ఉంటుంది. ఇక్కడ ముందు చల్లబరచాలి, తర్వాత ఆస్పత్రికి తరలించాలి. మెడ దాకా చల్లని నీళ్లలో ముంచి, అరగంటలోపు వేడి దింపగలిగితే ప్రాణం దక్కుతుంది. టబ్ లేకపోతే పశువులు నీళ్లు తాగే గోలెం చాలు, సోడా దుకాణం నుంచి మంచుగడ్డలు తెచ్చి వేయొచ్చు. తల నీళ్లలో మునగకుండా ఒకరు పట్టుకోవాలి. 108కి ఫోన్ చేయడం, చల్లబరచడం ఒకేసారి జరగాలి. 2001 ఆగస్టులో అమెరికాలో కోరీ స్ట్రింగర్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు శిక్షణ సమయంలో వడదెబ్బతో చనిపోయాడు. ఆయన పేరు మీద కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో ఏర్పాటైన సంస్థ ఆటగాళ్ల ఆకస్మిక మరణాల నివారణకు పనిచేస్తోంది.

గుండె ఆగితే లెక్క నిమిషాల్లోకి వస్తుంది. ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతున నొక్కాలి. గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం రావడానికి ఆలస్యమయ్యే ప్రతి నిమిషం బతికే అవకాశాన్ని తగ్గిస్తుంది. ఈ నైపుణ్యం వ్యాయామ ఉపాధ్యాయులకూ, జట్టులోని పిల్లలకూ నేర్పవచ్చు. నేను ఊరికి వచ్చినప్పుడు బడి పిల్లలకు ముందుగా నేర్పేది ఇదే.

"ఎప్పుడు ఆడొచ్చు?"

గాయాన్ని గుర్తించడం నేర్చుకోవచ్చు, వ్యాయామాలు నేర్చుకోవచ్చు. ఈ వృత్తిలో అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇది. ఆటగాడు మొదటి రోజు నుంచే అడుగుతాడు. కోచ్ రోజూ అడుగుతాడు. తండ్రి ఫోన్ చేసి అడుగుతాడు. మా వైపు ఈ ప్రశ్న వెనుక ఒక బతుకు లెక్క ఉంటుంది. రాష్ట్ర జట్టులో ఆడితే సర్టిఫికెట్ వస్తుంది, సర్టిఫికెట్ ఉంటే క్రీడా కోటాలో కాలేజీ సీటో, పోలీసు ఉద్యోగమో వస్తుందని ఆశ. పొట్ట చేత పట్టుకుని ముంబైకి, పుణెకు వలసపోయిన పాలమూరు ఇళ్లలో ఆ సర్టిఫికెట్ విలువ ఎంతో నాకు తెలుసు. నొప్పి ఉన్నా లేదని చెప్పే పిల్లలు అందుకే ఎక్కువ.

ముందు లిగమెంటు ఆపరేషన్ అయితే కనీసం 9 నెలలు పోటీలకు దూరంగా ఉండాలి. అంతకంటే ముందే దిగినవారిలో అదే మోకాలు మళ్లీ దెబ్బతినే ప్రమాదం ఎక్కువని పరిశోధనలు తేల్చాయి. నెలలు గడిచినంత మాత్రాన సరిపోదు. దెబ్బ తగిలిన కాలి బలం రెండో కాలి బలంలో కనీసం 90 శాతానికి రావాలి. ఒంటికాలితో దూకితే దూరం దాదాపు సమానంగా రావాలి. దూకి దిగేటప్పుడు మోకాలు లోపలికి వంగకూడదు. దిశ మార్చి ఉరికేటప్పుడు మనసులో జంకు ఉండకూడదు. ఇవన్నీ కాగితం మీద రాసి ఆటగాడికి ముందే ఇస్తాను. తన కాలు ఏ మెట్టు మీద ఉందో తనకే కనబడితే తొందర తగ్గుతుంది.

ఓపిక పట్టినవారికి ఆట తిరిగి దక్కుతుందని చెప్పడానికి మన ఇంట్లోనే ఉదాహరణలు ఉన్నాయి. పుల్లెల గోపీచంద్ 1994లో మోకాలి లిగమెంటు తెగి, శస్త్రచికిత్సలు చేయించుకుని, 2001 మార్చిలో ఆల్ ఇంగ్లాండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచారు. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2017లో భుజం గాయమై చాలా కాలం రింగుకు దూరమైంది, 2022 మేలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పీవీ సింధు 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ఎడమ చీలమండ నొప్పితోనే స్వర్ణం గెలిచింది. ఎముకలో ఒత్తిడి పగులు ఉందని తేలాక అదే నెలలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను వదులుకుంది. 2023 జనవరిలో గానీ తిరిగి కోర్టులోకి రాలేదు. ప్రపంచ స్థాయి పోటీని వదులుకోమని చెప్పగలిగేవారు, ఆ మాట వినే క్రీడాకారిణి, ఇద్దరూ ఉంటేనే ఆట జీవితం నిలుస్తుంది.

ఇలాంటి ఆటగాళ్ల వెంట నడిచిన తెలుగు పేర్లు కూడా పాఠకులకు తెలియాలి. గోపీచంద్ అకాడమీ ఆటగాళ్లతో ఏళ్లపాటు పనిచేసిన ఫిజియో కిరణ్ చల్లగుండ్ల, టోక్యో ఒలింపిక్స్‌లో సింధు బృందంలో ఉన్న ఫిజియో ఎవాంజెలిన్ బద్దం. పతకం మెడలో పడినప్పుడు వేదిక మీద కనిపించని చేతులు వీరివి.

ఆడపిల్లలకు ఈ చదువు ఎందుకు ఇంకా అవసరం

ముందు లిగమెంటు గాయం ఒకే ఆట ఆడే మగపిల్లల కంటే ఆడపిల్లల్లో ఎక్కువ. నడుము, తొడ కండరాల బలం, దూకి దిగే తీరు, ఇంకా ఎన్నో కారణాలు దీని వెనుక ఉన్నాయి. ఫుట్‌బాల్ కోసం రూపొందిన ఫిఫా 11 ప్లస్ అనే 20 నిమిషాల వార్మప్‌ను వారానికి రెండు మూడు సార్లు చేయిస్తే గాయాలు గణనీయంగా తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. దానికి పరికరాలు అవసరం లేదు. మా ఊరి ఖోఖో పిల్లలకు దాన్ని కొద్దిగా మార్చి నేర్పుతున్నాను.

ఇంకో సంగతి నెలసరి. సరిపడా తినకుండా ఎక్కువగా శ్రమించే అమ్మాయిల్లో నెలసరి ఆగిపోతుంది, ఎముక బలహీనపడి పగుళ్లు వస్తాయి. తెలంగాణలో సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉంది. కాలి నొప్పి అని వచ్చిన పద్నాలుగేళ్ల పిల్లను ముందు అడగాల్సిన ప్రశ్నలు: పొద్దున ఏం తిన్నావు, నెలసరి సక్రమంగా వస్తోందా. మగ కోచ్ ముందు ఆ పిల్ల నోరు విప్పదు. "గీ మాట సారుకు చెప్పకు మేడం" అంటూ నా చెవిలో చెబుతుంది. పల్లె ఆడపిల్లల మాట వినడానికి పల్లె నుంచి వచ్చిన ఆడపిల్లలు ఈ వృత్తిలో ఉండాలి.

చేరాలనుకునేవారికి

ఇంటర్‌లో బైపీసీ ఉండాలి. తెలంగాణలో ఫిజియోథెరపీ కళాశాలల ప్రవేశాలు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం నోటిఫికేషన్ ద్వారా జరుగుతాయి. హైదరాబాద్‌లోని నిమ్స్ విడిగా ప్రవేశాలు చేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి స్విమ్స్‌లో ఈ కోర్సు ఉంది. ప్రవేశ నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి ఆ ఏటి నోటిఫికేషన్ తెప్పించుకుని చదవండి, ఏజెంట్ల మాట నమ్మవద్దు. క్రీడల విభాగంలో పైచదువుకు అమృత్‌సర్‌లోని గురునానక్ దేవ్ విశ్వవిద్యాలయం పేరున్నది. చెన్నైలో తమిళనాడు శారీరక విద్య, క్రీడల విశ్వవిద్యాలయం, ఇంఫాల్‌లో జాతీయ క్రీడా విశ్వవిద్యాలయం క్రీడా విద్యకే ఏర్పడ్డాయి.

2021లో పార్లమెంటు ఆరోగ్య అనుబంధ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. దాని ప్రకారం ఫిజియోథెరపిస్టులకు జాతీయ కమిషన్, రాష్ట్ర మండళ్లు, నమోదు పట్టిక ఉంటాయి. నమోదైనవారే ఆ పేరుతో వృత్తి చేయాలి. 2025లో విడుదలైన కొత్త పాఠ్య ప్రణాళిక ప్రకారం బీపీటీ మొత్తం 5 ఏళ్లు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. నా కాలంలో నాలుగున్నర ఏళ్లు ఉండేది. ఆ పెరిగిన కాలాన్ని రోగుల దగ్గర, మైదానాల్లో గడిపితే చేతికి పని బాగా వస్తుంది.

కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. మూడు నెలల్లో స్పోర్ట్స్ ఫిజియో అని సర్టిఫికెట్ ఇస్తామనే ప్రకటనలు చాలా కనిపిస్తాయి. డిగ్రీ ఉన్నవారికి అలాంటి చిన్న కోర్సులు అదనపు నైపుణ్యం ఇవ్వవచ్చు, డిగ్రీ లేనివారిని ఫిజియోగా మార్చవు. కళాశాలలో చేరే ముందు దానికి సొంత ఆస్పత్రి ఉందా, ఓపీలో రోగులు వస్తారా, విద్యార్థులను క్రీడా పోటీలకు పంపుతారా అని అడగండి. గోడలకు అంటించిన పటాలతో ఈ విద్య రాదు.

బలం పెంచే శిక్షణ వైపు ఇష్టమున్నవారు డిగ్రీ తర్వాత అమెరికా సంస్థ ఎన్‌ఎస్‌సీఏ నిర్వహించే సీఎస్‌సీఎస్ పరీక్ష రాయవచ్చు. అమెరికాలో అథ్లెటిక్ ట్రైనింగ్ చదవాలనుకునేవారు ఒక తేడా గమనించాలి. అక్కడ ఫిజికల్ థెరపిస్ట్, అథ్లెటిక్ ట్రైనర్ రెండు వేర్వేరు వృత్తులు, లైసెన్సులు వేరు. ఫిజికల్ థెరపిస్ట్‌గా పనిచేయాలంటే మన డిగ్రీని మదింపు చేయించుకుని వాళ్ల జాతీయ పరీక్ష రాయాలి. అథ్లెటిక్ ట్రైనర్ కావాలంటే అక్కడ గుర్తింపు ఉన్న మాస్టర్స్ కోర్సులో చేరాల్సిందే. విదేశీ చదువుకు తెలంగాణ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు 20 లక్షల రూపాయల దాకా విద్యానిధి సాయం ఇస్తోంది. మీరు ఎంచుకున్న కోర్సు ఆ నిబంధనల్లోకి వస్తుందో లేదో అప్పు చేయకముందే చూసుకోండి.

ఉద్యోగాలు ఆస్పత్రుల్లో, అకాడమీల్లో, భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రాల్లో, 2014లో మొదలైన ప్రో కబడ్డీ లాంటి లీగుల జట్లలో ఉన్నాయి. మొదటి ఏళ్లలో జీతం తక్కువ. ఆదివారాలు, పండుగలు మైదానంలోనే గడుస్తాయి, ఎందుకంటే పోటీలు అప్పుడే ఉంటాయి. తొందరగా డబ్బు కావాలనుకునేవారికి ఈ దారి సరిపడదు. ఆటను, మనిషిని రెండింటినీ ఇష్టపడేవారికి ఇంతకంటే మంచి పని లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అడగాల్సిన సమయం ఇది

మక్తల్ శాసనసభ్యుడు వాకిటి శ్రీహరి 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గంలో చేరి క్రీడల శాఖ చూస్తున్నారు. క్రీడల కోసం రాష్ట్రంలో యంగ్ ఇండియా విశ్వవిద్యాలయం ఏర్పాటుకు శాసనసభ 2024 డిసెంబర్‌లో బిల్లు ఆమోదించింది. ఈ రెండూ మా ప్రాంతానికి ఆశ కలిగించేవే. ఆ విశ్వవిద్యాలయంలో కోచ్‌ల చదువుతో పాటు ఆటగాళ్ల గాయాలు చూసే చదువుకు కూడా విభాగం ఉండాలని, మండల స్థాయి పోటీ జరిగే ప్రతి చోటా శిక్షణ ఉన్న ఒక మనిషి, మంచుగడ్డల పెట్టె, స్ట్రెచర్ తప్పనిసరి చేయాలని, జిల్లా పోటీల్లో ఏఈడీ ఉండాలని కోరుతున్నాను. వ్యాయామ ఉపాధ్యాయులకు ఏటా ఒకసారి సీపీఆర్, వడదెబ్బ, తలగాయాల మీద శిక్షణ ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ నొప్పి అంటే నమ్మండి, గుంజే చేతులకు అప్పగించకండి. బైపీసీ చదువుతూ సాయంత్రం మైదానానికి పోయే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ దారిని ఒకసారి తీరిగ్గా ఆలోచించండి. మన పల్లెల్లో ఆడేవారికి కొదవ లేదు. దెబ్బ తగిలినప్పుడు వాళ్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుని సరైన నిర్ణయం చెప్పగలిగేవారు కావాలి. మక్తల్ నుంచి, నారాయణపేట నుంచి, గద్వాల నుంచి వారు రావాలి.